నాచు పట్టిన నెల

"బస్సెక్కా" అన్నాడు కిషోర్‌బాబు. అంతే, ఆ ఒక్క ముక్క. వెనక నందిగామ బస్టాండు మైకులో ఏదో ఊరి పేరు వినబడింది, ఎవడో పల్లీలు పల్లీలని అరిచాడు, ఫోను కట్టయిపోయింది. నాగశ్రీ గోడ గడియారం వంక చూసింది. అయిదూ అయిదు. నందిగామ నుంచి జగ్గయ్యపేటకి బస్సు ముప్పావుగంట, బస్టాండు నుంచి ఇంటికి నడక పదినిమిషాలు. ఆరింటికి గేటు గడియ చప్పుడవుతుంది. ఆరింటిలోగా ఈ నీళ్ళు బాగుపడాలి, ఈ చేపలు మామూలుగా ఈదాలి, అడుగున వెల్లకిలా పడి ఉన్న ఈ ఎర్రటి చిట్టిరొయ్యలు ఏమైపోయాయో ఆయనకి తెలియకూడదు. హాలులో మూడడుగుల అద్దాల తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉందామె. కుడిచెయ్యి మోచేతి దాకా తడి, కుచ్చిళ్ళు తడి, గచ్చంతా తడి. నియాన్ చేపలు పన్నెండూ నీటి పైకి వచ్చి మూతులు బయటపెట్టి గాలిని చప్పరిస్తున్నాయి. వేలెడంత కూడా లేని ప్రాణాలు, ఒంటి మీద ఆ నీలం గీత వెలిసిపోయినట్టుంది. పన్నెండేనా? మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ. పన్నెండు. 

ఎవరు చెయ్యమన్నారు తనని? ఎవరూ చెయ్యమనలేదు. స్కూలుకి సెలవు, వంటయిపోయింది, బట్టలారేసింది, ఊరికే కూర్చోలేని చెయ్యి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా తొట్టి మీద పడినప్పుడు చూసింది, అద్దం నిండా పచ్చటి మచ్చలు, ఆకుల అంచులకి నల్లగడ్డంలా వేలాడుతున్న నాచు, రాళ్ళ సందుల్లో పచ్చటి జడలు. ఎంత అందంగా ఉండేది, ఇలా ఎప్పుడయింది? ఆయన వచ్చేసరికి శుభ్రం చేసిపెడితే చూసి నవ్వుతాడు కదా అనుకుంది. ఆ నవ్వు కోసం వచ్చింది ఇదంతా. వత్సవాయి రైతు కూతురికి నాచు అనగానే గుర్తొచ్చేది ఒక్కటే. నాన్న భవానీప్రసాద్ మోకాళ్ళ దాకా పంచె ఎగ్గట్టి, పాత గోనెసంచి ముక్కలో మైలుతుత్తం రాళ్ళు మూటగట్టి, కాలవ నీళ్ళు పొలంలోకి దిగే మడవ దగ్గర కర్రకి కట్టి వదిలేవాడు. నీళ్ళు దాన్ని తడుపుకుంటూ చేలోకి పారేవి. రెండ్రోజులకి దుప్పటిలా పరుచుకున్న నాచంతా తెల్లబడి విరిగిపోయేది. ఎంత సులువు! ఊళ్ళో ఎరువుల కొట్టుకి వెళ్ళి అడిగింది. "ఎన్నెకరాలకమ్మా?" అన్నాడు కొట్టతను. మూడడుగులకండీ అని ఎలా చెప్తుంది, కొంచెం చాలండీ అంది. అతను కాగితంలో కట్టి ఇచ్చిన నీలంరాయిలో చింతగింజంత ముక్క విరిచి, కొత్త చేతిరుమాలులో మూటగట్టి, ఫిల్టరులోంచి నీళ్ళు పడేచోట దారంతో వేలాడదీసింది. వేలాడదీసి రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుని మురిసిపోయింది కూడా. అయిదో తరగతి పిల్లలకి పరిసరాల విజ్ఞానం చెప్పే పంతులమ్మ, బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టిందో.

ఇప్పుడు గుర్తొస్తున్నాయి మిగతావి. అప్పుడెందుకు రాలేదు? పొలం గట్టు మీద తొమ్మిదేళ్ళ తను, ఆ నీలం రంగు చూసి చెయ్యి చాపితే నాన్న కసిరాడు. "ముట్టుకోమాక, విషం." మర్నాడు మడవ దగ్గర నీళ్ళలో చేపపిల్లలు, తోకకప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలడం చూసింది. నాన్నా ఇవి చచ్చిపోయాయి అంటే, "వాటినెవరు పెంచమన్నారు, వరి కదా మనం పెంచేది" అన్నాడు. ఆ మాటకి నవ్వింది కూడా. ఆ పొట్టలు ఇన్నేళ్ళూ తల్లో ఏ మూలన పడి ఉన్నాయో, నాలుగున్నరకి టీ గ్లాసుతో హాల్లోకి వచ్చి తొట్టిలోకి చూసిన క్షణాన బయటికొచ్చాయి. రొయ్యలు అద్దం పట్టుకుని పైపైకి పాకుతున్నాయి, పాకి పాకి జారి పడుతున్నాయి, పక్కకి ఒరిగి కాళ్ళు ఆడిస్తున్నాయి. టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ తెలియదు. ఫోన్లో వెతికితే ఒక్కటే మాట, మైలుతుత్తమంటే రాగి, రాగి రొయ్యలకి పడదు, బొట్టంత పడినా పడదు. మూట లాగి తూములో పారేసింది. పారేస్తే సరిపోతుందా, కరిగినదంతా నీళ్ళలోనే ఉంది. నీళ్ళు మార్చాలి. తోడాలి, పొయ్యాలి, మళ్ళీ తోడాలి, ఆరింటిలోగా.

పైపు ఒక చివర తొట్టిలో ముంచి ఇంకో చివర నోటితో పీల్చి బకెట్లోకి వదిలింది. ఆయన ఇలాగే చేస్తాడు, నోట్లోకి నీళ్ళు రాకముందే పైపు దించేసే ఒడుపు ఆయనది. తనకి రాలేదు, గుటకేసినంత పనయింది, ఉమ్మేసింది, విషమే కదా, పోతే పోయింది. బకెట్టు నిండుతోంది. చేపలు చావడం ఏమంత పెద్ద విషయం, ఎవరింట్లో చావవు, కవర్లో కట్టి పారేసి కొత్తవి తెచ్చుకుంటారు. ఎదురింటావిడ అలాగే అంటుంది, అననీ. ఆవిడకేం తెలుసు. ఈ తొట్టి ఈ ఇంట్లోకి రాకముందు మూడు నెలలు ఆ పడగ్గదిలో ఒక మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడని ఆవిడకి తెలియదు. నందిగామ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి, పిల్లలు పేరు చెప్పుకుని మెచ్చుకునే మనిషి, ఒక సోమవారం పొద్దున్న షర్టు వేసుకుని గుండీలు పెట్టుకోకుండా మంచం మీద కూర్చుండిపోయాడు. ఏమైందండీ అంటే ఏం లేదు అన్నాడు. నిజంగానే ఏమీ లేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ పోలేదు, ఉద్యోగానికి ఢోకా లేదు. ఏదో ఒక కారణం ఉంటే దాన్ని పట్టుకుని తిట్టేది, దానితో పోట్లాడేది. ఏమీ లేకపోవడమే ఆమెని అప్పుడు ఎక్కువ భయపెట్టింది. ఇంట్లో ఇద్దరే. ఒకరు మాట్లాడకపోతే ఇంకొకరు గోడలతో చెప్పుకోవాలి.

ఆ తర్వాత ముక్త్యాల. వద్దు, అది ఇప్పుడు వద్దు. కానీ బకెట్టు నిండే ఆ సన్నటి గలగల వింటుంటే మనసు అటే పోతోంది. తెల్లవారుజామున పక్క చూస్తే మంచం ఖాళీ, బయట బండి లేదు. ఎనిమిదింటికి ఫోను మోగింది, ఆయన నంబరే, మాట ఆయనది కాదు. "అమ్మా, నేను పుల్లయ్యనమ్మా, ముక్త్యాల రేవులో చేపలు పట్టుకుంటా. ఈ ఫోను, చెప్పులు మెట్ల మీదున్నయ్యి. మీ ఆయన పీకల్లోతు నీళ్ళల్లో నిలబడున్నాడమ్మా. స్నానం చేసే మనిషి అట్టా నిలబడడు. పడవేసుకుపోయి తీసుకొచ్చి కూకోబెట్టినా, మీరు రాండి." తను వెళ్ళేసరికి ఆయన పుల్లయ్య తువ్వాలు కప్పుకుని రేవు మెట్ల మీద కూర్చుని కృష్ణలోకి చూస్తున్నాడు. ప్యాంటు ఒంటికి అతుక్కుపోయి నీళ్ళోడుతోంది. అత్తగారు చుట్టాలందరికీ నదీస్నానానికి వెళ్ళాడని చెప్పింది. ఆ మాటే ఖాయమైపోయింది. ముక్త్యాల స్నానం, మావాడు ముక్త్యాల స్నానానికి వెళ్ళొచ్చినప్పట్నుంచీ, అని ఇంట్లో అందరూ అదేదో పుణ్యకార్యంలా అనడం మొదలుపెట్టారు. నాగశ్రీ కూడా అంది. విజయవాడ డాక్టరు దగ్గర కూడా ఆ మాటే అంటే ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. అసలు మాట ఒకటి ఉంది, దాన్ని ఈ పది నెలల్లో ఒక్కరోజు కూడా ఆమె పైకి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం. గుర్తు చేసినట్టవుతుందని భయం. నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టవుతుందని భయం.

బకెట్టు పొర్లింది. ఎత్తి పెరట్లో పారబోసింది, మళ్ళీ పైపు, మళ్ళీ పీల్చడం. అయిదూ ఇరవై. బస్సు ఊరు దాటి హైవే ఎక్కేసి ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు, ఆయనకి కిటికీయే కావాలి. ఈ తొట్టి కూడా నందిగామదే. అక్కడ చేపల కొట్టు ఎత్తేస్తుంటే అతి చవగ్గా ఇచ్చేశారు. డాక్టరు మాత్రలు మొదలుపెట్టి నెలైంది అప్పటికి, కాలేజీకి మళ్ళీ వెళ్తున్నాడు, పాఠం చెప్పి వస్తున్నాడు, అంతకుమించి ఏమీ లేదు. ఆ రోజు ఆ తొట్టిని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. ఎందుకండీ ఇది అనబోయి ఆగిపోయింది, ఆయన మొహంలో ఏదో కావాలనుకుంటున్న మనిషి కనిపించాడు. అంతే. మట్టి తెచ్చాడు, ఇసక తెచ్చాడు, హైదరాబాదు నుంచి తడికాగితాల్లో చుట్టిన మొక్కలు తెప్పించాడు. నీళ్ళు పోసి ఇరవై రోజులు చేప వెయ్యకుండా కూర్చున్నాడు. చేపల్లేని తొట్టేంటండీ అంటే, "ముందు నీళ్ళు కుదురుకోవాలి నాగా. కళ్ళకి కనపడని పురుగులు పుట్టాలి. చేపల మురికిని అవి తింటై, అవి చేసింది మొక్కలు తింటై. తొందరపడితే అన్నీ చస్తై" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

ఎన్ని చెప్పేవాడు! జగ్గయ్యపేట నీళ్ళు సున్నపు నీళ్ళు, సున్నపురాతి నేల కదా, బకెట్టుకి తెల్లగా పేరుకునేది అదే, సగం అవీ సగం టిన్ను నీళ్ళూ కలపాలి. పంపు నీళ్ళు తిన్నగా పొయ్యకూడదు, క్లోరిన్ ఉంటుంది, ఒకరోజు బకెట్లో పెట్టాలి, లేదా మందు చుక్కలు వెయ్యాలి. వారానికి మూడోవంతు నీళ్ళు మార్చాలి. దీపం ఏడుగంటలు మించకూడదు. మేత చిటికెడే. ఆదివారం పొద్దున్న గాజు గొట్టాల్లో నీళ్ళు పట్టి చుక్కలేసి రంగులు చూసేవాడు, చిన్నపిల్లాడు గాజుముక్కలు ఎండకి పెట్టి చూసినట్టు. ఒకసారి కొత్తలో అద్దానికి పచ్చగా పడితే, తను ఛీ పాడు నాచు అంది. "దాన్ని తిట్టమాక. అది తప్పేం చెయ్యలేదు. నీళ్ళల్లో ఏదో ఎక్కువైంది, లేకపోతే తక్కువైంది. అదేందో మనం కనిపెట్టాలి." ఆయన కనిపెట్టాడు, మేత ఎక్కువైంది. తగ్గించాడు, నాచు పోయింది. విషం వెయ్యలేదు.

రెండో బకెట్టు పారబోసింది. తొట్టి సగమైంది. మొక్కలు తలలు వాల్చి పడుకున్నాయి. ఒక నియాన్ చేప పక్కకి ఒరిగి మళ్ళీ లేచింది. లే తల్లీ, లే. ఇప్పుడు మంచి నీళ్ళు కావాలి. నిన్న పట్టి ఉంచిన బకెట్టు ఉండాలి కదా పెరట్లో, నీలం బకెట్టు, ఆయనది. వెళ్ళి చూస్తే బోర్లించి ఉంది. అడుగున సాలెగూడు. సాలెగూడు? సరే, ఆలోచించే వ్యవధి లేదు, మందు చుక్కలున్నాయిగా. పంపు తిప్పి వదిలేసి హాల్లోకి పరిగెత్తింది. తొట్టి కింద చెక్క అరలో ఆయన సరంజామా అంతా ఉంటుంది, ఆమె ఎప్పుడూ ముట్టుకోదు. తలుపు తీసింది. మందు సీసా ఎదురుగానే ఉంది. కొత్తది, మూతకి చుట్టిన ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. కిందటి నెల ఒకటో తారీకున ఆయన తెచ్చుకున్నది, తనతోనే చెప్పాడు, పాతది అయిపోయింది కొత్తది తెచ్చా అని. అయిపోయిందంటే, మరి అప్పట్నుంచీ నీళ్ళు దేనితో మార్చాడు? గాజు గొట్టాలు వాటి చెక్కలో నిలబెట్టి ఉన్నాయి, వేలు పెడితే దుమ్ము అంటింది. పక్కన నోటు పుస్తకం. ప్రతి ఆదివారం తారీకు వేసి నీళ్ళ సంగతి రాసుకునే పుస్తకం. చేతులు తుడుచుకోకుండానే తెరిచింది. చక్కటి అక్షరాలు, వారం వారం. ఆఖరి పేజీలో "నీళ్ళు బాగున్నాయి. జావా ఫెర్న్‌కి కొత్త ఆకు" అని ఉంది. దాని కింద తర్వాతి ఆదివారం తారీకు ఉంది. తారీకు పక్కన ఏమీ లేదు. ఆ తర్వాత తారీకులు కూడా లేవు.

పుస్తకం కింద మందుల కవరు. చేపల మందులనుకుంది. కాదు. విజయవాడ డాక్టరు రాసిన మాత్రలు, నెలకి సరిపడా, మందుల షాపు వాడు కట్టిన రబ్బరుబ్యాండు కట్టినట్టే ఉంది. ఒక్క మాత్ర కూడా చింపలేదు.

నాగశ్రీ తడి గచ్చు మీద కూర్చుండిపోయింది. పెరట్లో పంపు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. రాత్రి మాత్ర వేసుకున్నారా అని రోజూ అడిగింది. ఆఁ అన్నాడు. రోజూ అన్నాడు. ఆదివారం పొద్దున్న తొట్టి ముందు స్టూలు వేసుకుని గంటసేపు కూర్చుంటుంటే, అమ్మయ్య, చేపలతో ఉన్నాడు, బాగున్నాడు అనుకుని ఆమె వంటింట్లో పని చేసుకుంది. నాలుగు ఆదివారాలు. కూర్చున్నాడు, అంతే. నీళ్ళు మార్చలేదు, మొక్క కత్తిరించలేదు, అద్దం తుడవలేదు. ఎదురుగా నాచు పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. నెల రోజులుగా ఈ హాల్లో, ఆమె కాఫీ తాగే చోటుకి మూడడుగుల దూరంలో, ఆయనకి ఒంట్లో బాగాలేదని ఈ నీళ్ళు చెబుతూనే ఉన్నాయి. ఆమె చూసింది ఎప్పుడు? ఇవాళ. చూసి చేసింది ఏమిటి? దాన్ని చంపడానికి మందు తెచ్చింది. ఇంకా ఏమేమి చూడలేదు తను? పెరుగన్నం సగంలో లేచిపోవడం. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఎక్కడికో మర్చిపోయినట్టు ఉండడం. మొన్న రాత్రి నిద్రలో కాదు, మెలకువలోనే, "నువ్వు చాలా కష్టపడ్డావు నాగా" అనడం. ఆ మాటకి మురిసిపోయింది!  పడ్డావు అన్నాడు, పడుతున్నావు అనలేదు.

చేపల గురించి భయపడిన ఆ గంట ఎంత హాయి గంటో అనిపించింది. లేచింది. పంపు కట్టి, బకెట్లో మందు చుక్కలేసి, చేత్తో కలిపి, చెంబుతో మెల్లగా తొట్టిలో పోసింది.  చేపలు బతికినా చచ్చినా ఒకటే అనడానికి నోరు రాలేదు, అవీ ప్రాణాలే, పైగా పని చేస్తుంటే గడియారం చూడక్కర్లేదు. చచ్చిపోయిన రొయ్యల్ని టీ వడగట్టే జాలీతో ఏరి స్టీలు పళ్ళెంలో వేసింది. ఇంకో బకెట్టు. ఆరు. ఆరూ అయిదు. బస్సు ఆలస్యమై ఉంటుంది, చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీలు ఆగిపోయి ఉంటాయి. ఆరూ పది. ఫోను చేసింది. స్విచ్చాఫ్.

మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. ఛార్జింగు అయిపోయి ఉంటుంది, పాతఫోను. ఎన్నిసార్లు అనుకోవచ్చు ఆ మాట? గేటు దాకా వెళ్ళి వీధి చివర చూసి వచ్చింది. ఎవరో వస్తున్నారు, కాదు. ఇంకెవరో, పొడుగ్గా, కాదు. బస్టాండుకి పరిగెడదామా? ఈలోగా ఆయన ఇంకో దారిన ఇంటికొచ్చి ఎవరూ లేకపోతే? తాళం లేని ఇల్లు చూసి, తొట్టి చూసి, ఆ పళ్ళెం చూసి, తను లేకుండా? ఇక్కడే ఉండాలి. కదలకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు. నందిగామలో తమ్ముడు సతీష్‌బాబుకి ఫోను చేసింది. "అక్కా, బావ ఇందాకే కనపడ్డాడే, బస్టాండులో, పలకరిస్తే నవ్వాడు" అన్నాడు. ఎలా నవ్వాడురా అని అడిగింది. ఎలా నవ్వాడంటే ఏం చెప్తాడు పాపం. "కారు తీసుకుని రారా. ఇప్పుడే రా. ఎందుకని అడగొద్దు" అంది. అతను అడగలేదు. అక్క గొంతులో ఏం విన్నాడో, "వస్తున్నా, వస్తున్నా" అంటూనే తాళాల గుత్తి చప్పుడు చేశాడు. పుల్లయ్య నంబరు ఉందా? లేదు. పది నెలల కిందట ఒక మనిషి తన భర్తని నీళ్ళలోంచి తెచ్చి ఇస్తే, నాలుగు అరటిపళ్ళు పెట్టి దణ్ణం పెట్టి వచ్చిందే గానీ, నంబరు తీసుకోలేదు. మళ్ళీ అవసరం రాదనుకుంది. ఆరూ ఇరవై అయిదు. దేవుడా అనడానికి కూడా ఏ దేవుడో తోచడంలేదు. తొట్టిలో ఫిల్టరు గుడగుడమంటోంది. పది చేపలు ఇంకా నీటి పైనే ఉన్నాయి, రెండు మాత్రం కిందికి దిగి ఆకుల మాటున నిలబడ్డాయి. దిగడం మంచిదేనా? ఆయన్ని అడగాలి. ఆయన్నే అడగాలి. ఆయన ఉండాలి, అడగడానికి.

ఆరూ ముప్పై ఎనిమిదికి గేటు గడియ చప్పుడైంది.

ఆమె ఆయన మొహం చూడలేదు. ముందు ప్యాంటు చూసింది. పొడిగా ఉంది. కాళ్ళకి చెప్పులున్నాయి. భుజాన సంచి ఉంది. అప్పుడు మొహం చూసింది, మామూలుగానే ఉంది, అలిసిపోయి, దుమ్ము పట్టి, మామూలుగా. ఆయన గుమ్మంలో నిలబడి తడి గచ్చునీ, మసకనీళ్ళ తొట్టినీ, స్టీలు పళ్ళెంలో ఎర్రటి కుప్పనీ చూశాడు.

"ఏమైంది?"

"నేనే చంపేశానండీ. నాచు పోతుందని మైలుతుత్తం కట్టా."

అరుస్తాడని కాదు, అరవాలని కోరుకుంది. ఒక్కసారి అరిచి, బుద్ధుందా నీకు, రాగి వేస్తారా ఎవరైనా, అని పళ్ళెం విసిరికొట్టి, బకెట్టు తెమ్మని కేకలేస్తే ఆయన కాళ్ళ మీద పడి మొక్కేది. కిషోర్‌బాబు సంచి దించి కుర్చీలో పెట్టాడు.

"పోనీలే" అన్నాడు.

ఒక్కో రొయ్యా పిల్లలు పెడుతుంటే భూతద్దం పెట్టి లెక్కపెట్టిన మనిషి.  అత్తగారి మాట, చుట్టాల మాట, పది నెలలుగా తను నాలుక కింద దాచుకున్న మాట, అన్నీ ఒకేసారి పైకొచ్చాయి. దగ్గరికి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది. మెల్లగా అడగాలనుకుంది, గట్టిగా వచ్చింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?"

ఆయన ఉలిక్కిపడలేదు. ఎన్నాళ్ళుగానో ఆ ప్రశ్న కోసం నిలబడి నిలబడి కాళ్ళు లాగేసినవాడిలా అక్కడే, ఆ తడిలోనే, గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది. చెయ్యి వదల్లేదు.

"నెల నించీ" అన్నాడు.

తర్వాత చాలాసేపటికి, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "బస్సు టయానికే వచ్చింది. బస్టాండు బయట ముక్త్యాల ఆటో ఉంది. ఫోను కట్టేసి ఎక్కి కూర్చున్నా. నిండితేగానీ తియ్యనన్నాడు. సరే అన్నా. ఇద్దరొచ్చారు, తర్వాత ఒక ముసలామె వచ్చింది, కూరగాయల గంపతో. ఇంకొక్కళ్ళు వస్తే బయల్దేరదాం సార్ అన్నాడు. అరగంట కూర్చున్నాం అందరం."

"వచ్చారా?"

"రాలేదు నాగా. ఎవళ్ళూ రాలేదు. ఆ ముసలామె ఇసుక్కుని దిగిపోయింది. ఆమె గంప అందివ్వడానికి నేనూ దిగా. మళ్ళీ ఎక్కాలంటే... ఎక్కలేదు."

ముక్త్యాల వెళ్ళాల్సిన మనిషి ఒకరు ఇవాళ ఈ ఊళ్ళో ఎక్కడో ఆగిపోయారు. బేరం తెగక ఆగారో, టీ తాగుతూ మాటల్లో పడ్డారో, రేపు పోదాంలే అనుకున్నారో. రేపు వస్తారు. రేపు ఆ ఆటో నిండుతుంది, రోజూ నిండుతుంది. వీధిలో కారు ఆగి హారన్ మోగింది, "అక్కా, అక్కా" అని సతీష్‌బాబు గేటు కొడుతున్నాడు. వెళ్ళి తియ్యాలంటే లేవాలి, లేవాలంటే ఈ చెయ్యి వదలాలి.

"గడియ తీసే ఉంది" అని కూర్చున్నచోటి నుంచే అరిచింది నాగశ్రీ. "నువ్వే లోపలికి రారా. మందుల కవరు ఇక్కడుంది, తీసుకో. విజయవాడ వెళ్తున్నాం."